ఐదు వాట్లు, ఇరవై మీటర్ల తీగ: ఓరుగల్లు చెరువు కట్టల మీద హామ్ రేడియో

నర్సంపేట దాటాక అడవి అంచున ఒక చిన్న కుంట ఉంది. దాని కట్ట మీద నిలబడి మద్ది కొమ్మకు తీగ కడుతుంటే వెనక మోటారు సైకిలు ఆగింది. దిగినాయన ఫారెస్ట్ బీట్ అధికారి. తీగ వెంట చివరిదాకా చూశాడు. నా సంచిలోని బ్యాటరీని చూశాడు. తర్వాత నన్ను చూసి "పందులకా?" అన్నాడు.

అడవి పందుల కోసం చేల చుట్టూ కరెంటు తీగ పరిచే అలవాటు తెలిసినవారికి ఆ ప్రశ్న వింతగా తోచదు. ఆ తీగలకు పందులే కాదు, మనుషులూ ఎడ్లూ బలయ్యారు. నేను లైసెన్సు కాగితం చూపించి, హెడ్‌ఫోను ఆయన చేతికిచ్చాను. అవతల కేరళ నుంచి ఎవరో తమ ఊళ్లో కురుస్తున్న వాన గురించి చెబుతున్నారు. ఆయన రెండు నిమిషాలు శ్రద్ధగా విని, "ఇందులో సిమ్ము ఎక్కడుంటుంది సార్?" అని అడిగాడు.

హామ్ రేడియో అంటే ప్రభుత్వ లైసెన్సు తీసుకుని, సరదా కోసం సొంత సెట్టుతో ఇతర లైసెన్సుదారులతో గాలిలో మాట్లాడుకోవడం. దాన్ని ఆరుబయట నడపడం మొదలుపెట్టినవాళ్లందరూ ముందు సెట్టు గురించే అడుగుతారు. ఏది కొనాలి, ఎంతకు దొరుకుతుంది, ఎక్కడి నుంచి తెప్పించాలి అని. నా అనుభవంలో తక్కువ శక్తితో పనిచేసేవారికి సెట్టు ఏదైనా నడుస్తుంది. తీగ, అంటే యాంటెన్నా, సరిగా లేకపోతే మాత్రం ఏ సెట్టూ నడవదు. ఆ తీగ ఎందుకో చుట్టుపక్కల వాళ్లకు తెలియకపోయినా పని నడవదు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు తీగకే ఇచ్చాను.

ఐదు వాట్లు ఏ మూలకు?

క్యూఆర్‌పీ అనే మూడక్షరాలు టెలిగ్రాఫు కాలం నాటి సంకేతం. "ప్రసార శక్తి తగ్గించు" అని అర్థం. హామ్‌ల వాడుకలో చుక్కలు, గీతల మోర్స్ సంకేతాలైతే 5 వాట్లు, ఎస్ఎస్‌బీ అనే పద్ధతిలో గొంతుతో మాట అయితే 10 వాట్లు మించకుండా పనిచేయడాన్ని క్యూఆర్‌పీ అంటారు. మీ ఇంటి ముందుగదిలో వెలిగే ఎల్ఈడీ బల్బు కూడా 9 వాట్లు తింటుంది.

ఇంట్లో 100 వాట్ల సెట్టు వాడేవారు దీన్ని చూసి నవ్వుతారు. లెక్క వేద్దాం. 100 నుంచి 5కు దిగితే శక్తి ఇరవయ్యో వంతు అవుతుంది, అంటే 13 డెసిబెల్ల (శక్తి హెచ్చుతగ్గుల కొలత) తగ్గుదల. సిగ్నలు బలం చూపే రిసీవరు మీటరు మీద ఒక్కో ఎస్ పాయింటు 6 డెసిబెల్లు. కాబట్టి అవతలివారికి మీరు తొమ్మిది పాయింట్ల బదులు సుమారు ఏడు పాయింట్లతో వినిపిస్తారు. అది చాలు, హాయిగా మాట్లాడుకోవచ్చు. అయితే 100 వాట్లతోనే గురగుర మధ్య అంతంత మాత్రంగా వినిపించే దూరం ఉందనుకోండి, అక్కడికి 5 వాట్లతో చేరలేరు. క్యూఆర్‌పీ అంటే ఆ సంగతి ఒప్పుకుని, గాలి అనుకూలించే వేళనూ రొద లేని చోటునూ వెతుక్కోవడం.

రొద లేని చోటు అన్నాను కదా, ఇల్లు వదలడానికి అసలు కారణం అదే. హనుమకొండలో మా మేడ మీద 7 మెగాహెర్ట్జ్‌లో ఎస్ 7 దాకా రొద ఉంటుంది. ఇన్వర్టర్లు, ఎల్ఈడీ బల్బులు, సెల్ చార్జర్లు, పక్కింటి సోలార్ పలకలు అన్నీ కలిసి చేసే గోల అది. ఊరు దాటి చెరువు కట్ట ఎక్కితే ఆ సూది ఒకటి, రెండు దగ్గర పడుకుంటుంది. ఇంట్లో వినపడని బలహీన స్వరాలు అక్కడ వినపడతాయి.

ముందు కాగితాలు

మన దేశంలో అమెచ్యూర్ లైసెన్సును టెలికమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం ఇస్తుంది. పన్నెండేళ్లు నిండినవారు పరీక్ష రాయవచ్చు. రేడియో సిద్ధాంతం, నిబంధనలు అని రెండు భాగాలుంటాయి. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు శ్రేణులు. జనరల్ కావాలంటే నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ కూడా రావాలి. కాల్ సైన్, అంటే గాలిలో మీ గుర్తింపు పేరు, రిస్ట్రిక్టెడ్ వారికి వీయూ3తోనూ, జనరల్ వారికి వీయూ2తోనూ మొదలవుతుంది. శిక్షణ కావాలంటే హైదరాబాద్‌లో 1983 నుంచి ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మనకు దగ్గర.

లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం. 5 వాట్లే కదా అనే మినహాయింపు ఏదీ లేదు. లైసెన్సు వచ్చేదాకా ఇంటర్నెట్‌లోని వెబ్ ఎస్‌డీఆర్ రిసీవర్ల ద్వారా వింటూ చెవిని అలవాటు చేసుకోండి. లైసెన్సు చేతికి వచ్చాక దానిమీద స్టేషన్ చిరునామా గురించి ఏ షరతులు రాశారో మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదవండి. ఇల్లు దాటి పనిచేయడానికి ఆ షరతులు ఒప్పుకుంటాయని తేల్చుకున్నాకే సంచి సర్దండి.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన మరో మాట. ములుగు, భూపాలపల్లి అడవుల్లో దశాబ్దాల పాటు వైర్‌లెస్ సెట్టు అంటే రెండే అర్థాలు ఉండేవి: పోలీసులది లేదా వాళ్లు వెతుకుతున్నవారిది. ఆ జ్ఞాపకం ఇంకా పోలేదు. కాబట్టి వెళ్లే చోటు ఏ పోలీస్ స్టేషన్ కిందికి వస్తుందో కనుక్కుని ముందే ఒక కాగితం ఇచ్చి రండి. నేను ఇచ్చేది ఇలా ఉంటుంది:

"నాకు భారత ప్రభుత్వం ఇచ్చిన అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉంది. కాల్ సైన్ ఫలానా. ఫలానా తేదీన ఉదయం 7 నుంచి 11 గంటల వరకు ఫలానా చెరువు కట్ట మీద చిన్న రేడియో సెట్టుతో ఇతర లైసెన్సుదారులతో మాట్లాడతాను. చెట్టుకు కట్టేది యాంటెన్నా తీగ. దానికి కరెంటు లైనుతో సంబంధం లేదు. పని కాగానే విప్పేస్తాను. నా ఫోను నంబరు ఇది. లైసెన్సు నకలు జతపరిచాను."

ఇదే కాగితం ఇంకో ప్రతిని లామినేషన్ చేయించి సంచిలో పెట్టుకోండి. తెలుగులోనే రాయండి. ఇంగ్లీషులో రాస్తే పెద్దగా ఉంటుందని అనుకోవద్దు. కట్ట మీద మిమ్మల్ని ఆపే మనిషి దాన్ని అక్కడికక్కడే చదివి అర్థం చేసుకోవడం మీకే మంచిది.

చోటు ఎంచుకోవడం

నా ఓటు చెరువు కట్టకే. కాకతీయులు కట్టించిన చెరువులు మనకు అడుగడుగునా ఉన్నాయి. వరంగల్ నుంచి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో గణపతిదేవుడి కాలం నాటి పాకాల, పాలంపేట దగ్గర రామప్ప, గోవిందరావుపేట వైపు లక్నవరం, ఊరి పక్కనే ధర్మసాగర్. కట్ట ఎత్తుగా ఉంటుంది, ఒకవైపు ఆకాశం పూర్తిగా తెరుచుకుని ఉంటుంది, నీళ్ల వైపు కరెంటు స్తంభాలు ఉండవు, చెట్లు ఉంటాయి.

నీళ్ల పక్కన సిగ్నలు బాగా పోతుందని చాలామంది చెబుతారు. ఆ మాట సముద్రానికి నిజం. ఉప్పునీటికి విద్యుత్ వాహకత ఎక్కువ కాబట్టి తీరంలో నిలువు యాంటెన్నాలు అద్భుతాలు చేస్తాయి. మన చెరువుల్లోది మంచినీళ్లు, దానితో అంత లాభం ఉండదు. కట్ట మీద మనకు దక్కేవి నిశ్శబ్దం, తెరిపి, నీడ.

అభయారణ్యాల సంగతి వేరు. పాకాల, ఏటూరునాగారం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. పర్యాటకులకు వదిలిన చోటు దాటి లోపలికి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్‌లో కోర్ ప్రాంతం ఊసే వద్దు. చీకటి పడకముందే బయటికి రండి. స్పీకరు కాకుండా హెడ్‌ఫోను వాడండి.

రామప్ప గుడి 2021లో యునెస్కో వారసత్వ కట్టడమైంది. ఆ ఆవరణలోనూ, ఓరుగల్లు కోటలోనూ, వేయి స్తంభాల గుడి దగ్గరా తీగ కట్టే ఆలోచన పెట్టుకోవద్దు. పురావస్తు శాఖ సిబ్బంది అడ్డుపడతారని కాదు, శిల్పం మెడకు నైలాన్ తాడు కట్టడం మనకే సిగ్గు. రామప్పలో గుడి చూసి, చెరువు కట్టకు నడిచి వెళ్లి అక్కడ సెట్టు తెరవండి.

కుంటాల, బొగత లాంటి జలపాతాల దగ్గర నడపాలని ఉబలాటపడేవారికి ఒక హెచ్చరిక. లోయ అడుగున నిలబడితే దూరాలకు పోవాల్సిన తరంగాలకు గుట్టలు అడ్డం వస్తాయి. బ్యాండు అంటే హామ్‌లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల పట్టీ. 20 మీటర్లది 14 మెగాహెర్ట్జ్ దగ్గర, 40 మీటర్లది 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి. లోయలో 20 మీటర్ల బ్యాండు మూగబోతుంది. 40 మీటర్ల బ్యాండులో తక్కువ ఎత్తున కట్టిన తీగ మాత్రం ఆకాశానికి నిటారుగా పంపుతుంది కాబట్టి లోయలోంచి కూడా పనిచేస్తుంది. నీటి హోరు మైకులోకి వెళ్లకుండా బండ చాటున కూర్చోవాలి.

ఏ చోటైనా సరే, తీగ విప్పకముందే జేబులో పట్టే చిన్న ట్రాన్సిస్టర్ రేడియోను మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి అటూ ఇటూ నడవండి. మోటార్ల లైను దగ్గర అది బర్రుమంటుంది. ఎక్కడ గొంతు తగ్గుతుందో అక్కడ కూర్చోండి. ఖర్చు లేని ఈ పరీక్ష నన్ను చాలాసార్లు కాపాడింది.

చోటు దొరికాక ఫోనులో మీ గ్రిడ్ లొకేటర్ (భూమిని గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి ఇచ్చిన సంకేతం) చూసి రాసుకోండి. మన దగ్గర ఇదొక సరదా. 18 డిగ్రీల అక్షాంశ రేఖ వరంగల్, హనుమకొండల మధ్య నుంచి పోతుంది. కాబట్టి కోట ఎంకే97లో, వేయి స్తంభాల గుడి ఎంకే98లో పడతాయి. లక్నవరం వెళ్తే 80 డిగ్రీల రేఖాంశం దాటి ఎన్‌కే08లోకి అడుగుపెడతారు. గ్రిడ్లు సేకరించే హామ్‌లకు ఈ తేడా చెబితే ఎగిరి గంతేస్తారు.

సెట్టు, బ్యాటరీ

దీన్ని తొందరగా ముగిస్తాను. యేసు (Yaesu) కంపెనీ ఎఫ్‌టీ-817, దాని తమ్ముడు 818 పాతవి దొరికితే ఇప్పటికీ మంచివే. ఐకామ్ 705 చూడముచ్చటగా ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. మన హైదరాబాద్ హామ్ ఆష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్ఎక్స్ వరుస సెట్లు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాయి. వాటిలో మైక్రోబిట్ఎక్స్ సుమారు 10 వాట్లు ఇస్తుంది. దాని మూత తెరిచి సోల్డరింగ్ చేసే ధైర్యం ఉన్నవారికి అంతకంటే మంచి గురువు లేదు.

బ్యాటరీకి లెక్క ఇలా వేయండి. వినేటప్పుడు సెట్టు సుమారు 0.45 ఆంపియర్లు, మాట్లాడేటప్పుడు 2 ఆంపియర్లు తీసుకుంటుందని అనుకుందాం. అయిదింట నాలుగు వంతుల సమయం వింటాం, ఒక వంతు మాట్లాడతాం. సగటున 0.76 ఆంపియర్లు. మూడు గంటలకు 2.3 ఆంపియర్-అవర్లు చాలు. నాలుగు సెల్లుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 6 ఆంపియర్-అవర్లది తీసుకుంటే సగం కూడా ఖర్చు కాదు. ఇంట్లో పాత యూపీఎస్‌లోని 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల సీసం బ్యాటరీ ఉంటే దానితోనే మొదలుపెట్టండి. రెండు కిలోలకు పైగా బరువు మోయాలి, సగానికి మించి వాడకూడదు. ఏ బ్యాటరీ అయినా ప్లస్ తీగలో ఫ్యూజు తప్పనిసరి. ఎండాకాలంలో మూసిన కారులో వదిలేయకండి.

తీగ

మొదటిసారి వెళ్లేవారు 40 మీటర్ల బ్యాండుకు తలకిందుల వి ఆకారపు డైపోల్ (మధ్యలో కేబులు కలిపే రెండు సమాన తీగలు) కట్టండి. మధ్యలో ఒక ఆధారం, రెండు చేతులు కిందికి వాలి ఉంటాయి. వాలుగా కట్టిన గుడారం తాళ్లలా అనుకోండి.

పొడవు లెక్క: 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20.14 మీటర్లు, అంటే ఒక్కో చేయి 10 మీటర్ల 7 సెంటీమీటర్లు. 14.2కి ఒక్కో చేయి 5 మీటర్ల 3 సెంటీమీటర్లు. కత్తిరించేటప్పుడు మాత్రం పాతిక సెంటీమీటర్లు ఎక్కువే ఉంచండి. కరెంటు పని షాపులో దొరికే సన్నపోగుల ప్లాస్టిక్ తొడుగు తీగ సరిపోతుంది. తొడుగు వల్ల తీగ కొంచెం పొడవైనట్టు ప్రవర్తిస్తుంది కాబట్టి చివరికి లెక్క కంటే కాస్త పొట్టిగానే తేలుతుంది.

సరిచేయడం ఒక చిన్న త్రైరాశికం. పొడవు ఒక శాతం తగ్గిస్తే ఫ్రీక్వెన్సీ ఒక శాతం పెరుగుతుంది. తీగ సెట్టుకు ఎంత కుదిరిందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో చూస్తే తీగ 6.95 దగ్గర కుదిరిందనుకోండి. మనకు కావలసింది 7.1, తేడా రెండు శాతం పైచిలుకు. ఒక్కో చేతిని 21 సెంటీమీటర్లు తగ్గించాలి. కత్తెర తీయకండి. చివరను వెనక్కి మడిచి తీగ మీదే మెలిపెట్టండి. నల్లరేగడి మీద కుదిరిన పొడవు గుట్ట మీది బండల మధ్య అంతే కుదరదు, అప్పుడు విప్పి సర్దుకోవచ్చు. మొదట్లో నేను కత్తిరించిన ముక్కలను మళ్లీ అతికించి అతికించి ఆ తీగను గంతల బొంతలా చేశాను. ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 లోపు వస్తే చాలు. 1.1 కోసం ఉదయమంతా పాడుచేసుకునేవారిని చూశాను. తేడా అవతలివారి చెవికి తెలియదు.

మధ్య ఆధారానికి కార్బన్ పోసిన చేపల గాలం కర్ర వద్దు, అది విద్యుత్తును పారనిస్తుంది. ఫైబర్‌గ్లాస్ది అయితే మేలు. అది లేకపోతే మేదరి వాళ్ల దగ్గర నిటారైన ఎండు వెదురు బొంగు, ఇరవై అడుగులది అడిగి తీసుకోండి. రెండు ముక్కలు చేసి ప్లాస్టిక్ పైపు తొడుగుతో కలిపితే బస్సు మీద కూడా వస్తుంది. కొసలకు ఇన్సులేటర్లుగా ప్లాస్టిక్ కరెంటు పైపు ముక్కలకు బెజ్జాలు పెట్టి వాడండి. లాగి కట్టడానికి తాపీ మేస్త్రీలు వరుస పట్టే నైలాన్ దారాన్ని మించింది లేదు. గట్టిది, చవక, పసుపు రంగుది అయితే నడిచేవాళ్లకు కనబడుతుంది.

డైపోల్ మధ్యలో, సెట్టు నుంచి వచ్చే కోయాక్స్ కేబులు కలిపే చోట ఆ కేబులునే జానెడు వెడల్పు చుట్టలుగా పదిసార్లు చుట్టి జిప్ టైలతో బిగించండి. లేకపోతే కేబులు పైపొర కూడా యాంటెన్నా అవుతుంది, మైకు తాకితే పెదవికి చురుకు తగులుతుంది. పది మీటర్ల ఆర్‌జీ-58 కేబులులో 7 మెగాహెర్ట్జ్ దగ్గర నష్టం అర డెసిబెల్ కూడా ఉండదు. సన్నటి ఆర్‌జీ-174లో అంతకు రెట్టింపు పోతుంది. సంచి బరువు చూసుకుని ఎంచుకోండి.

ఇప్పుడు ఎత్తు. 7 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 42 మీటర్లు. ఆరేడు మీటర్ల ఎత్తున కట్టిన తీగ దానిలో ఆరో వంతు ఎత్తులో ఉన్నట్టు. అంత తక్కువలో ఉంటే శక్తిలో ఎక్కువ భాగం నిటారుగా పైకి పోయి, రేడియో తరంగాలను కిందికి తిప్పిపంపే అయానోస్ఫియర్ అనే పై వాతావరణ పొరను తాకి గొడుగులా మన చుట్టూ నాలుగైదు వందల కిలోమీటర్లలో దిగుతుంది. హైదరాబాద్, నాగపూర్, విజయవాడ అన్నీ ఆ గొడుగు కిందే. చాలామంది దీన్ని లోపం అనుకుని ఎత్తు కోసం తాపత్రయపడతారు. మొదటి రోజుల్లో మనకు కావలసింది ఈ గొడుగే. దూరదేశాలు కావాలంటే 20 మీటర్ల బ్యాండుకు మారి పది మీటర్ల ఎత్తు సంపాదించండి.

చెట్లు బాగా ఉన్న చోటికి రెండో రకం: ఒక కొస నుంచి శక్తి ఇచ్చే సగం తరంగపు తీగ. 20 మీటర్ల చిల్లర తీగ ఒకటే, ఒక కొస రెండు మీటర్ల ఎత్తులో, ఇంకో కొస ఎత్తయిన కొమ్మకు. ఇది 40, 20, 15, 10 మీటర్ల బ్యాండ్లన్నిటిలో పలుకుతుంది. కొస దగ్గర 49:1 ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఎఫ్‌టీ140-43 ఫెరైట్ రింగు మీద సెట్టు వైపు 2 చుట్లు, తీగ వైపు 14 చుట్లు. చుట్ల నిష్పత్తి 7, దాని వర్గం 49. సెట్టు వైపు చుట్లకు సమాంతరంగా 100 పికోఫారడ్ల కెపాసిటర్ కలిపితే పై బ్యాండ్లలో ఎస్‌డబ్ల్యూఆర్ తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ గ్రౌండు కొసకు రెండు మీటర్ల తీగ ముక్క కలిపి వదలండి.

ఈ తీగ కొసల్లో 5 వాట్లకే సుమారు 110 వోల్టుల రేడియో వోల్టేజీ ఉంటుంది. ప్రాణం తీయదు, వేలు కాలుతుంది. డైపోల్ కొసలకూ ఇదే సూత్రం. కాబట్టి కొసలు మనిషి చేతికి, మేక నోటికి అందని ఎత్తులో ఉండాలి.

కొమ్మ మీదికి తాడు విసరడం ఒక విద్య. అరలీటరు నీళ్ల సీసాలో సగం లోపు నీళ్లు పోసి మెడకు దారం కట్టండి. దారాన్ని నేల మీద పరిచిన తువ్వాలు మీద వదులుగా పోయండి, గడ్డిలో పోస్తే ప్రతి పరక పట్టుకుంటుంది. చేతిని కింది నుంచి ఊపి వదలండి. విసరకముందు తల ఎత్తి మూడు చూడాలి. కరెంటు లైను: తీగ మొత్తం పొడవుకు రెట్టింపు దూరంలో కూడా ఏ లైనూ ఉండకూడదు. పొలాల మోటార్లకు పోయే 11 వేల వోల్టుల లైన్లు చాలా చోట్ల కిందికి వేలాడుతుంటాయి. తేనెపట్టు: మద్ది, మర్రి, బూరుగు కొమ్మలకు పెద్ద తేనెటీగలు పట్టు పెడతాయి. సీసా దానికి తగిలితే లైసెన్సు కాపాడదు. మూడోది కోతులు. వరంగల్ వాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు. అవి తీగను ఊయల చేసుకుంటాయి, ముఖ్యంగా కింద అరటిపళ్లు తింటూ కూర్చుంటే. తిండి సంచిని పైకి తీయకండి.

హనుమకొండ చుట్టూ ఉన్నట్టు నున్నటి రాతి గుట్టల మీద మేకు దిగదు. దారాన్ని తలకాయంత రాళ్లకు కట్టి నిలబెట్టండి.

వేళ, కాలం

అక్టోబరు సగం నుంచి ఫిబ్రవరి దాకా మన దగ్గర సుఖం. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండలో సెట్టు తెర నల్లబడుతుంది, మనిషి కూడా. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములతో వచ్చే గాలివానలు ఇంకా ప్రమాదం. రేడియో ఆ కబురు ముందే చెబుతుంది. 40 మీటర్లలో కొన్ని సెకన్లకోసారి ఫట్ ఫట్ మంటూ విరుపులు మొదలై దగ్గరవుతుంటే ఎక్కడో మెరుపులు పడుతున్నట్టే. ఉరుము చెవిన పడగానే కోయాక్స్ ఊడదీసి చెట్టుకూ తీగకూ దూరంగా వెళ్లిపోండి. తీగ దించడం వాన వెలిశాక చూసుకోవచ్చు.

40 మీటర్లకు ఉదయం 7 నుంచి 10, సాయంత్రం 4 నుంచి చీకటి పడేదాకా మంచి వేళలు. నడి మధ్యాహ్నం అయానోస్ఫియర్ కింది పొర ఈ బ్యాండును మింగేస్తుంది, క్యూఆర్‌పీ వాళ్లను మరీ ముందు మింగుతుంది. అప్పుడు భోజనం చేయండి లేదా పై బ్యాండ్లకు వెళ్లండి. 20 మీటర్లలో సాయంత్రం ఐరోపా వైపు దారి తెరుచుకుంటుంది. సూర్యుడి చురుకుదనం ఎక్కువగా ఉన్నప్పుడు పై బ్యాండ్లు బాగా పలుకుతాయి. ఆ చురుకుదనం పెరిగి తగ్గే 25వ సౌరచక్రం 2024 ప్రాంతంలో శిఖరం చేరింది. అది పూర్తిగా దిగేలోపు 10 మీటర్ల బ్యాండులో 5 వాట్లతో ఖండాలు దాటే అవకాశాన్ని వదులుకోకండి.

గొంతు విప్పడం

ముందు పది నిమిషాలు వినండి. మాట్లాడితే వచ్చే దానికంటే వినడం వల్ల వచ్చే పరిచయాలు ఎక్కువ. క్యూఆర్‌పీ వాళ్లు సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే పిలుపు) పిలుస్తూ కూర్చోవడం కంటే, గట్టిగా వినిపిస్తున్న ఇతరుల సీక్యూకు జవాబివ్వడం ఫలితమిస్తుంది. మీకు గట్టిగా వినిపిస్తున్నారంటే దారి రెండు వైపులా బాగుందన్నమాట. ఇద్దరి మాట ముగిసి 73 (హామ్‌ల వీడ్కోలు మాట) చెప్పుకున్న క్షణంలో మీ కాల్ సైన్‌ను ఒక్కసారి, స్పష్టంగా, అక్షర సంకేతాలతో చెప్పండి: విక్టర్ యూనిఫామ్ త్రీ, ఆ తర్వాత మీ మూడు అక్షరాలు, "స్ట్రోక్ పోర్టబుల్" (ఇంటి బయటి నుంచి అని అర్థం). అరవకండి. అరుపు వల్ల శక్తి పెరగదు, మాట చెదురుతుంది.

మీరే పిలవాలనుకుంటే క్యూఆర్‌పీ వాళ్లు కలుసుకునే చోట్లున్నాయి: మోర్స్‌కు 7.030, 14.060, 21.060. మాటకు 7.090, 14.285. మన దేశంలో 40 మీటర్ల బ్యాండు 7.200 దగ్గర ఆగుతుందని గుర్తుంచుకోండి. అమెరికా వాళ్లు ఆపైన కూడా మాట్లాడుతుంటారు, మనం విని ఊరుకోవాలి.

మోర్స్ నేర్చుకోవాలా అని అడుగుతారు. లెక్క చెబుతాను: ఎస్ఎస్‌బీకి 2400 హెర్ట్జ్ వెడల్పు కావాలి, మోర్స్‌కు 500 చాలు. రిసీవరులోకి వచ్చే రొద అయిదో వంతుకు దగ్గరపడుతుంది, సుమారు 7 డెసిబెల్ల లాభం. పైసా ఖర్చు లేకుండా 5 వాట్లు 25 వాట్లంత పనిచేసినట్టు.

సిగ్నల్ రిపోర్టు నిజం చెప్పండి. వినపడీ వినపడక "మీ పేరు మళ్లీ చెప్పండి, మీరు 59" అనే మర్యాద మనవాళ్లలో బాగా పాతుకుంది. 59లో మొదటి అంకె మాట స్పష్టత, రెండోది సిగ్నలు బలం, అంటే మంచి రిపోర్టు. బయటినుంచి 5 వాట్లతో పిలిచినవారికి 43 అన్న నిజమైన అంకె దొరికితే తీగ సర్దుకోవడానికి పనికొస్తుంది. మాట్లాడేది తెలుగైనా, హిందీ అయినా, ఇంగ్లీషైనా సరే. వ్యాపారం, పాటలు, ఇతరుల కబుర్లు చేరవేయడం మాత్రం కూడదు.

లాగ్ పుస్తకం

పెన్సిలుతో రాయండి. పెన్ను చెమట చేతికి మొరాయిస్తుంది. తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, పద్ధతి, కాల్ సైన్, ఇచ్చిన రిపోర్టు, వచ్చిన రిపోర్టు. సమయం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) ఉండాలి: మన గడియారంలోంచి అయిదున్నర గంటలు తీసేయాలి.

పార్కులూ అభయారణ్యాల నుంచి హామ్ రేడియో నడిపే పార్క్స్ ఆన్ ది ఎయిర్ కార్యక్రమంలో చేరాలనుకుంటే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ జాబితాలో ఉన్న అభయారణ్యం లేదా పార్కు సరిహద్దు లోపలే మనిషి, సెట్టు, తీగ అన్నీ ఉండాలి. ఒకే యూటీసీ రోజులో పది పరిచయాలు పూర్తి చేయాలి. మన దగ్గర యూటీసీ రోజు ఉదయం 5.30కి మారుతుంది. తెల్లవారుజామున ఐదింటికే కూర్చుని నాలుగు పరిచయాలు చేసి, సూర్యోదయం చూసి మురిసి, ఆ తర్వాత ఆరు చేస్తే అది పది కాదు. నిన్నటి నాలుగు, ఇవాళ్టి ఆరు. నాకు ఒకసారి అలాగే అయింది. గుట్టలెక్కడం ఇష్టమైనవారికి 2002లో బ్రిటన్‌లో మొదలైన సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్ ఉంది. దానిలో నాలుగు పరిచయాలు చాలు.

విప్పేటప్పుడు

కట్టినదానికంటే విప్పేటప్పుడే తీగలు పాడవుతాయి. మోచేతికి చుట్టకండి, మెలికలు పడతాయి. బొటనవేలు, చిటికెనవేలు మధ్య ఎనిమిది అంకె ఆకారంలో చుట్టండి. దారాన్ని కొమ్మ మీదుగా లాగేముందు సీసా విప్పేయండి, లేకపోతే కొమ్మల సందులో చిక్కుకుంటుంది. మేకులు లెక్కపెట్టుకోండి. పశువుల కాళ్లలో దిగే మేకు మీదే అయితే ఆ ఊరికి మీరు మళ్లీ వెళ్లలేరు.

తాటిచెట్టు జోలికి మాత్రం పోకండని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని. మట్టల అంచులు రంపపు పళ్లలా ఉంటాయి, దారం ఒక్కసారి వాటిలో పడితే రాదు. ఒక సాయంత్రం నాది అలాగే ఇరుక్కుంది. ఎంత లాగినా రాకపోతే తీగ వరకు విప్పుకుని, దారం వదిలేసి ఇంటికి వచ్చాను. మనసు ఒప్పక మరుసటి ఉదయం మళ్లీ వెళితే, చెట్టు గీసే ఆయన దారాన్ని చక్కగా ఉండ చుట్టి చెట్టు మొదట్లో పెట్టాడు. నన్ను చూసి నవ్వాడు. "ఇది మీదేనా సార్? చెట్టు మీద ఏం చేద్దామని?" అన్నాడు. నా కాగితం తీసి చూపించాను. చదివాడు. "ముందే చెబితే నేనే పైన కట్టేవాణ్ని కదా" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం ఆయన కల్లు దించడానికి ఎక్కినప్పుడు నా దారం కూడా మోకుతో పాటు పైకి వెళ్లింది. పదిహేను మీటర్ల ఎత్తు. ఆ రోజు 40 మీటర్లలో హైదరాబాద్ కొంచెం బలహీనంగా వినిపించింది, అస్సాం మాత్రం పక్కింట్లోంచి మాట్లాడినట్టు ఉంది.